కొత్త మెటల్, రాక్ ఆల్బమ్‌లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అన్నా, ఇంజనీరింగ్ రోజుల్లో నాకు ఐరన్ మెయిడెన్, జూడస్ ప్రీస్ట్, మెటాలికా తప్ప ఇంకో లోకం లేదు. 2011లో మెటాలికా బెంగళూరు వస్తే రైలెక్కి వెళ్లి మరీ చూసొచ్చాను. ఇప్పుడు ఉద్యోగం, పిల్లలు, ఈఎంఐలు. కొత్తగా ఏం వస్తున్నాయో తెలియట్లేదు. వచ్చినా ఆ పాతవాటి ముందు నిలబడవని ఒక అనుమానం. నిజంగా వినదగ్గవి ఉన్నాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉన్నాయి. మీరు ఎక్కడ ఆపేశారో అక్కడి నుంచే మొదలుపెట్టండి. జూడస్ ప్రీస్ట్ 2024 మార్చిలో 'ఇన్విన్సిబుల్ షీల్డ్' తెచ్చింది, దాన్ని ఒకసారి గట్టిగా పెట్టుకుని వింటే ఆ అనుమానం మీకే పోతుంది. పాడిన రాబ్ హాల్ఫర్డ్‌కి అప్పటికి 72 ఏళ్లు. గ్లెన్ టిప్టన్‌కి పార్కిన్సన్స్ జబ్బు ఉందని 2018లోనే బయటికి చెప్పారు. ఇంకో గిటారిస్ట్ రిచీ ఫాక్నర్ అయితే 2021 సెప్టెంబరులో అమెరికాలో ఒక ఫెస్టివల్ స్టేజి మీద 'పెయిన్‌కిల్లర్' వాయిస్తుండగానే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చిట్లింది, ఆ పాట పూర్తి చేసే స్టేజి దిగాడు, తర్వాత దాదాపు పది గంటల ఆపరేషన్. ఇంత జరిగాక చేసిన ఆల్బమ్ కదా అని జాలిపడి వినాల్సిన అవసరమే లేదు. మొదటి పాట 'పానిక్ అటాక్' సింథసైజర్ శబ్దంతో మెల్లగా మొదలై రిఫ్‌లోకి, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ తిరిగొచ్చే వరసలోకి, దూకే చోటు వినండి, మీ కాలేజీ హాస్టల్ గది గుర్తొస్తుంది.

మెటాలికా '72 సీజన్స్' (2023) గురించి మాత్రం ఉన్నమాట చెప్పాలి. 77 నిమిషాలు ఉంది, అందులో ఒక ఇరవై నిమిషాలు కోసేసి ఉంటే గొప్ప ఆల్బమ్ అయ్యేది. అందుకని మీరు చివరి పాట 'ఇనమొరాటా'తో మొదలుపెట్టండి. పదకొండు నిమిషాలు, వాళ్ల సొంత పాటల్లో అన్నిటికన్నా పొడుగు. మధ్యలో గిటార్లు తగ్గిపోయి బేస్ ఒక్కటే నడుస్తుంది చూడండి, ఆ కాసేపట్లో వాళ్లు ఎవరినీ మెప్పించడానికి వాయిస్తున్నట్టు ఉండదు. ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ కూడా 2005 తర్వాత మళ్లీ 2024లో సోలో ఆల్బమ్ చేశాడు, పేరు 'ద మాండ్రేక్ ప్రాజెక్ట్'. ఆ గొంతు మీద ప్రేముంటే అదీ వినండి.

ప్రశ్న: రోజూ మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో వెళ్తాను. పావు తక్కువ గంట నుంచి గంట దాకా పడుతుంది. ఆ టైములో మొదలై ఆ టైములోనే పూర్తయ్యే ఆల్బమ్ ఒకటి చెప్పండి. కొంచెం వింతగా ఉన్నా పర్వాలేదు.
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: మీ కోసమే చేసినట్టు ఒకటుంది. అమెరికాలో డెన్వర్ నుంచి వచ్చిన బ్లడ్ ఇన్‌కాంటేషన్ బ్యాండ్, 2024 అక్టోబరులో తెచ్చిన 'అబ్సల్యూట్ ఎల్స్‌వేర్'. మొత్తం కలిపి రెండే పాటలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాల పైచిలుకు. యాప్‌లో ఒక్కో పాట మూడు ముక్కలుగా, ఆరు ట్రాక్‌లుగా కనిపిస్తుంది, కానీ అది విడగొట్టి వినే సరుకు కాదు. షఫుల్ ఆపండి, ఒక పాట చివరనీ ఇంకో పాట మొదలునీ కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ తీసేయండి, లేకపోతే ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు పాడైపోతుంది.

మొదలవడమే పక్కా డెత్ మెటల్, గొంతు పాతాళంలో, డ్రమ్స్ ఊపిరాడనివ్వవు. రెండు నిమిషాలు అయ్యాయో లేదో అదంతా కరిగిపోయి, 1970లలో జర్మనీ వాళ్లు సింథసైజర్లతో చేసిన అంతరిక్ష సంగీతం లాంటిదేదో తేలుతూ వస్తుంది. అది ఊరికే అనుకరణ కూడా కాదు, ఆ కాలపు టాంజరీన్ డ్రీమ్ బ్యాండ్‌ని ఇప్పుడు నడిపిస్తున్న థార్‌స్టెన్ క్వెష్నింగ్ స్వయంగా వచ్చి వాయించాడు, రికార్డింగ్ కూడా బెర్లిన్‌లోని హన్సా స్టూడియోలోనే. కళ్లు మూసుకుని వినండి, అయితే స్టేషన్ దాటిపోకుండా చూసుకోండి. మొదటిసారి ఇదంతా గందరగోళంగా అనిపిస్తే మర్నాడు మళ్లీ అదే వినండి, వేరేది పెట్టకండి. రెండో రోజుకి ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో మీ చెవి ముందే పట్టేస్తుంది, అసలు రుచి తెలిసేది అప్పుడే.

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. గది తలుపు వేసుకుని ఎవరో గొంతు చించుకుని అరిచే పాటలు వింటుంటాడు. ఫోన్‌లో చూస్తే 'నాక్డ్ లూస్' అని ఉంది. చదువులో వెనకబడలేదు, మాటా బాగానే ఉంది. కానీ నాకు టెన్షన్‌గా ఉంది. ఇవి వింటే పిల్లలకి కోపం, క్రూరత్వం పెరగవా?
– ఒక అమ్మ, గుంటూరు

జవాబు: అమ్మా, ఇలా అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే ఎక్కువమంది అడగరు, ఫోన్ లాక్కుంటారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇలాంటి సంగీతం ఇష్టంగా వినే 39 మందిని ముందు కోపం వచ్చిన సంగతులు గుర్తుచేసి మాట్లాడించారు, ఆ తర్వాత కొందరిని తమకి నచ్చిన ఇలాంటి పాటలు విననిచ్చారు, మిగతావాళ్లని మౌనంగా కూర్చోబెట్టారు. పాటలు విన్నవాళ్లలో కోపం పెరగలేదు, చిరాకు, ఒత్తిడి తగ్గాయని వాళ్లే చెప్పారు. మౌనంగా కూర్చున్నవాళ్లకీ తగ్గాయి, పైగా చిన్న అధ్యయనం, కాబట్టి మెటల్ వింటే కోపానికి మందు అని నేననను. అది కోపాన్ని ఎగదోస్తుందన్న మీ భయానికి మాత్రం ఆధారం కనబడలేదు.

ఇంకో సంగతి. మీవాడు వింటున్నది బహుశా ఆ నాక్డ్ లూస్ బ్యాండ్ 2024లో తెచ్చిన 'యూ వోంట్ గో బిఫోర్ యూ ఆర్ సపోజ్డ్ టు' అయి ఉంటుంది. ఆ గొంతు చించుకుంటున్నది బ్రయాన్ గారిస్, అమెరికాలో కెంటకీ రాష్ట్రం మనిషి. అతనికి విమానమంటే భయం. ఒకసారి విమానం బాగా కుదిపేస్తుంటే వణికిపోతున్న అతన్ని చూసి పక్క సీట్లో ఉన్నావిడ, పోవాల్సిన టైం రాకుండా ఎవరూ పోరులే అని ధైర్యం చెప్పింది. ఆ మాటే ఆల్బమ్‌కి పేరు పెట్టుకున్నాడు. ముక్కూ మొహం తెలియని ఒకావిడ ఓదార్పు దానికి పేరైందంటే, ఆ అరుపుల వెనక ఉన్నది క్రూరత్వం కాదని మీకే అర్థమవుతుంది. మొత్తం 27 నిమిషాలే. ఒక పూట వాడి పక్కన కూర్చుని, నీకు బాగా నచ్చింది ఒకటి పెట్టరా అనండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, వాడేమీ అనుకోడు.

నిజంగా కనిపెట్టుకుని ఉండాల్సింది శబ్దం గురించి. పెద్దవాళ్ల చెవికైనా 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలే హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పిల్లలకి ఇంకా తక్కువ. ఫోన్ సెట్టింగ్స్‌లో హెడ్‌ఫోన్ సౌండ్‌కి హద్దు పెట్టుకునే వీలుంటుంది, అది మీరూ వాడూ కలిసి పెట్టుకోండి.

ప్రశ్న: చెస్టర్ లేని లింకిన్ పార్క్ వినబుద్ధి కావడం లేదు. వినాలా?
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: ఆ బ్యాండ్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జులైలో పోయాడు. మన దగ్గర ఇంగ్లిష్ పాటలంటే ముందు ఆయన గొంతే తెలిసినవాళ్లు ఊరూరా ఉన్నారు, మీరొక్కరే కాదు. 'వినాలా' అంటే, బలవంతం లేదు. వినాలనిపిస్తే ఇలా వినండి. కొత్త ఆల్బమ్ 'ఫ్రమ్ జీరో' 2024 నవంబరులో వచ్చింది, ఏడేళ్ల తర్వాత. అందులో 'ది ఎంప్టీనెస్ మెషీన్' పెట్టండి. మొదటి చరణం, మొదటి కోరస్ బ్యాండ్‌లో మొదటి నుంచీ ఉన్న మైక్ షినోడానే పాడతాడు. కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు రెండో చరణంలో గానీ రాదు. వినేవాళ్ల గుండె సంగతి వాళ్లకి తెలుసు, అందుకే తెలిసిన మనిషి చేత ముందు పలకరించి తర్వాత ఆమెని తెచ్చారని నాకు అనిపిస్తుంది. ఆమె చెస్టర్‌లా పాడబోదు, పాడకపోవడమే మంచిదైంది. గొంతులో ఒక బొంగురు, ఒక పొగరు ఉన్నాయి, 'హెవీ ఈజ్ ది క్రౌన్'లో ఆ ఒక్క పొడుగు అరుపుతో ఆమె ఎవరో తెలుస్తుంది. ఆల్బమ్ మొత్తం 32 నిమిషాల లోపే. కొన్ని పాటలు పాత అచ్చులోనే పోసినట్టున్నాయి, అది లోపమే. కానీ చివరి పాట 'గుడ్ థింగ్స్ గో' దాకా ఆగి వినండి.

ప్రశ్న: నాకు అరుపులు పడవు. నిర్వాణా, రేడియోహెడ్ ఇష్టం. ఈ మధ్య వచ్చినవాటిలో ఆల్టర్నేటివ్ రాక్ చెప్పండి, బాధ ఉన్నా పర్లేదు.
– ఒక స్కూలు టీచర్, విశాఖపట్నం

జవాబు: బాధ ఉన్నా పర్లేదన్నారు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను, ద క్యూర్ బ్యాండ్ 2024 నవంబరులో తెచ్చిన 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. 16 ఏళ్ల తర్వాత వాళ్ల కొత్త ఆల్బమ్, ఎనిమిదే పాటలు. మొదటి పాట 'అలోన్' పెట్టాక మీకు అనుమానం వస్తుంది, ఇది పాట లేని మ్యూజిక్ ట్రాకేమో అని. డ్రమ్స్ ఒక్కో దెబ్బా బరువుగా, తొందర లేకుండా పడుతుంటాయి, మీద కీబోర్డులు అలలా కమ్ముతుంటాయి, మూడు నిమిషాలు దాటుతుంది, ఇంకా ఎవరూ పాడరు. అప్పుడు రాబర్ట్ స్మిత్ నోరు విప్పుతాడు. అరవై దాటిన మనిషి గొంతు అంటే నమ్మలేం, అచ్చం పాతికేళ్ల నాటిలాగే ఉంది, కానీ మాటల్లో వయసుంది. అన్నయ్య పోయిన బాధ మీద రాసిన పాట 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై'. పేరులోనే అంతా చెప్పేశాడు, పాటలో ఎక్కడా ఏడ్చి చూపించడు. చివరి పాట 'ఎండ్‌సాంగ్' పది నిమిషాల పైన, అందులో గొంతు వినబడేది ఆరు నిమిషాలు దాటాకే. పాటకి పదిహేను సెకన్లు టైమిచ్చి తర్వాతదానికి జరిగిపోయే అలవాటు అందరికీ వచ్చేసింది, అలా వింటే ఈ ఆల్బమ్‌లో మీకు ఏమీ దొరకదు. రాత్రి పనులన్నీ అయ్యాక, 49 నిమిషాలు కేటాయించుకుని కూర్చోండి.

బాధ కాస్త తక్కువ, ఊపు కాస్త ఎక్కువ కావాలంటే డబ్లిన్ కుర్రాళ్లు ఫాంటెయిన్స్ డీసీ, 2024 ఆగస్టులో వచ్చిన 'రొమాన్స్'. అందులో 'స్టార్‌బర్‌స్టర్' అనే పాట ఉంది. గాయకుడు గ్రియన్ చాటెన్‌కి లండన్‌లో సెయింట్ పాంక్రస్ రైల్వే స్టేషన్లో పానిక్ అటాక్ వచ్చింది, దాని మీద కట్టిన పాట. వరస మాటలు గుక్క తిప్పుకోకుండా పోతూ పోతూ, కోరస్‌లో ఒక్కసారి గట్టిగా గాలి లోపలికి పీల్చే చప్పుడు వస్తుంది. సంగీతంలో దాన్ని తాళంలా వాడుకున్నారు. ఊపిరందని ఆ స్థితి ఎప్పుడైనా తెలిసినవాళ్లకి ఆ చప్పుడు చాలు.

ప్రశ్న: మన దేశంలో మెటల్ బ్యాండ్‌లు ఉన్నాయా బ్రదర్? ఉంటే కొత్త ఆల్బమ్ చెప్పు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: బోలెడు. ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ 2025 మార్చిలో 'ను ఢిల్లీ' తెచ్చింది, ఎనిమిది పాటలు, హిందీ, పంజాబీ, ఇంగ్లిష్ కలిపి. ఢోల్, పిల్లనగ్రోవి ఊరికే అలంకారానికి పెట్టినవి కావు, ఆ ఢోల్ దెబ్బ మీదే గిటార్ రిఫ్ నిలబడుతుంది. బోనాల్లో డప్పు ముందు కాళ్లు ఆగని మనిషివైతే నీకు ఇంకెవరూ వివరించక్కర్లేదు. 'బేఖౌఫ్' పాటలో జపాన్ బ్యాండ్ బేబీమెటల్ కూడా పాడింది. 'తడ్కా' అయితే మొత్తం తిండి మీదే. నా మటుకు 2022లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'రక్షక్'లో కోపం ఇంకా సూటిగా ఉంది, వీలైతే రెండూ విను.

మన హైదరాబాద్ పేరు కూడా ఈ లెక్కలో ఉంది. గాడ్‌లెస్ అని ఇక్కడి డెత్ మెటల్ బ్యాండ్, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అని పూర్తి ఆల్బమ్ చేశారు. కొత్తది కాదు కానీ మన ఊరివాళ్లది వినకుండా మెటల్ కోసం నార్వే దాకా పోవడం ఎందుకు? హంగులేమీ లేవు, నేరుగా వచ్చి తగులుతుంది.

ప్రశ్న: తెలుగులో మెటల్ పాడితే బాగోదని మా ఫ్రెండ్స్ అంటారు. మన భాష మెత్తన కదా, అందుకేనా?
– తిరుపతి నుంచి ఒక గిటారిస్ట్

జవాబు: నేను ఒప్పుకోను తమ్ముడూ. న్యూజిలాండ్‌లో ఏలియన్ వెపన్రీ అని ఒక బ్యాండ్ ఉంది, అక్కడి మూలవాసుల మావోరీ భాషలో థ్రాష్ మెటల్, అంటే వేగంగా దంచే మెటల్ పాడతారు. మావోరీ కూడా మనలాగే అచ్చుతో మాట ముగిసే భాషే. ఇద్దరు అన్నదమ్ములు, చిన్నప్పుడు మావోరీ మాధ్యమం బడిలో చదివారు. 1864లో బ్రిటిష్ సైన్యంతో గేట్ పా దగ్గర జరిగిన యుద్ధంలో వాళ్ల తాతముత్తాతల్లో ఒకాయన పోరాడాడు, దాని మీద మొదటి ఆల్బమ్‌లోనే పాట కట్టారు. 2025 మార్చిలో వాళ్ల మూడోది 'తె రా' వచ్చింది. అది విని, ఆ మాటలు డ్రమ్స్ మీద ఎలా పడుతున్నాయో గమనించు. ఇంగ్లిష్ ట్యూన్‌లో మావోరీ మాటలు ఇరికించినట్టు ఉండదు, మాట నడకని బట్టి రిఫ్ కట్టినట్టు వినబడుతుంది. నువ్వూ అలా చెయ్యి. ఒత్తులు, ద్విత్వాలు ఉన్న మాటలు ఏరుకుని వాటి విరుపు మీద రిఫ్ కట్టి చూడు. మన వీరగాథల్లో, బుర్రకథ పలుకుల్లో ఉన్న దూకుడు నీకు తెలియంది కాదు. రికార్డు చేస్తే పంపు, వింటాను.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇళయరాజా పాటలు విని పెరిగినవాణ్ణి. మా అమ్మాయి హైస్కూల్, ఎప్పుడూ స్లీప్ టోకెన్ వింటుంది. ముసుగులు వేసుకుని పాడతారట. తనతో మాట కలపాలంటే నేనేం వినాలండీ?
– ఒక తండ్రి

జవాబు: తను వినేదే వినండి. లండన్ బ్యాండ్, 2025 మేలో వచ్చిన 'ఈవెన్ ఇన్ ఆర్కేడియా' అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. అందులో 'కారమెల్' మీకు తేలిగ్గా ఎక్కుతుంది, ముందంతా మెత్తటి పాట, చివర్లో మెటల్ విరుచుకుపడుతుంది. ముసుగు వెనకున్న మనిషి ఎవరో కనుక్కోవాలని వెంటపడే అభిమానుల వల్ల పడే బాధ అందులోని విషయం. అమ్మాయిని దాని గురించి అడగండి, గంట మాట్లాడుతుంది. నాకైతే ఆ ఆల్బమ్‌లో ఒకే పాటలో అన్ని రకాలూ పెట్టేయాలన్న ఆత్రం కనిపిస్తుంది, అది తనతో అనకండి.

తర్వాత మీరు తనకి ఒకటి పరిచయం చేయండి. డెఫ్టోన్స్, 2025 ఆగస్టులో వచ్చిన 'ప్రైవేట్ మ్యూజిక్'. వాళ్ల మొదటి ఆల్బమ్ 1995లో వచ్చింది, అంటే మీ కుర్రతనం నాటి బ్యాండ్. స్టీఫెన్ కార్పెంటర్ గిటార్ నేలని అదిరిస్తుంటే దాని మీద చీనో మొరేనో నిద్రలో పలవరిస్తున్నట్టు పాడతాడు, ఆ రెండూ కలవకుండా కలిసే తీరే వాళ్ల గొప్ప. పాటలో శ్రుతి కట్టుబాటు వెతికే మీ చెవికి ఇది బాగా నచ్చుతుందని నా నమ్మకం. 42 నిమిషాలు, కార్లో ఇద్దరూ కలిసి వినొచ్చు.

ప్రశ్న: గొంతు లోతుల్లోంచి గర్జించినట్టు పాడే ఆ గ్రోలింగ్ ఒక్క ముక్క అర్థం కాదు. అయినా మెటల్ వినాలని ఉంది. మార్గం ఉందా?
– బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ఓపెత్ బ్యాండ్ 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' (నవంబర్ 2024). మీరు బ్యాంకులో ఉన్నారు కాబట్టి కథ ఇట్టే పట్టేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి కాలం, డబ్బున్న ఇంటి పెద్ద పోయాడు, పిల్లలు చేరారు, వీలునామా చదువుతున్నారు, ఒక్కో పేరాకీ ఒక్కో రహస్యం బయటపడుతోంది. అందుకే ఏడు పాటలకి పేర్లు లేవు, పేరా నంబర్లే ఉంటాయి, ఎనిమిదోదానికే పేరుంది. స్వీడన్ వాళ్లు. గాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ 2008 తర్వాత ఆల్బమ్‌లో గ్రోలింగ్ చేయడం మళ్లీ ఇదే. కథ తెలిశాక ఆ గ్రోలింగ్ చచ్చిపోయిన తండ్రి గద్దింపులా వినబడుతుంది. జెత్రో టల్ బ్యాండ్ ఇయాన్ ఆండర్సన్ మధ్యమధ్య కథ చెబుతాడు, ఫ్లూట్ వాయిస్తాడు. మొదటిసారి పాటల సాహిత్యం ఎదురుగా పెట్టుకుని చదువుతూ వినండి. మాట తెలిశాక అరుపు అరుపులా ఉండదు. ఆ తర్వాత డెఫ్‌హెవెన్ 2025 మార్చిలో తెచ్చిన 'లోన్లీ పీపుల్ విత్ పవర్'కి వెళ్లండి. అక్కడ గొంతు గిటార్లలో కలిసిపోయి దూరంగా వినబడుతుంది, మాటలు పట్టుకోవాలని చూడకండి.

ప్రశ్న: నెలకి యాప్ చందా కడుతున్నాను. ఆ డబ్బు చిన్న బ్యాండ్‌లకి చేరుతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చేరేది బహు స్వల్పం. వందసార్లు విన్నా వాళ్లకి ఒక టీ ఖర్చు కూడా రావడం కష్టం. నిజంగా నచ్చిన చిన్న బ్యాండ్ ఉంటే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో వెతకండి, అక్కడ ఆల్బమ్ కొంటే సగటున 82 శాతం బ్యాండ్‌కో, పాటలు విడుదల చేసే లేబుల్‌కో వెళ్తుందని ఆ సంస్థే చెబుతుంది. కొన్ని శుక్రవారాలు వాళ్లు తమ వాటా కూడా వదులుకుంటారు, 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు పెట్టిన పద్ధతి అది. కొన్న ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి, చందా ఆపేసినా పోవు. టీషర్ట్ కొనేదుంటే కూడా నేరుగా బ్యాండ్ దగ్గరే కొనండి.